కాళ్లు కడిగిన ఆదివారం

పాస్టరు ఉద్యోగంలో జీతం తక్కువ, వందనాలు ఎక్కువ. రిటైరయ్యాక జీతం ఆగిపోయింది కానీ వందనాలు ఆగలేదు. వనస్థలిపురంలో పాల ప్యాకెట్ కోసం బయటికి వస్తే చాలు, కొత్తగా సేవలోకి వచ్చిన కుర్రవాళ్లు ఎవరో ఒకరు బండి ఆపి, "అయ్యగారూ, మీ సర్వీసులో మరిచిపోలేని రోజు ఏదండీ?" అని అడుగుతారు. వాళ్లు వినాలనుకునేది ఏదో పెద్ద అద్భుతం. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక ఆదివారం. ఆ రోజు తెల్లవారుజామున ఒకాయన భార్య చనిపోయింది. పొద్దుగూకేలోపు ఆమెను భూమిలో పెట్టడానికి ఆయనకు ఆరడుగుల నేల కావాలి. ఆ నేల అడగడానికి ఆయన మా గుడికి వస్తే, నేను ఆయన మాట పూర్తిగా వినకుండానే చేయి పట్టుకుని తీసుకెళ్లి, వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టి, సంఘమంతా చూస్తుండగా కాళ్లు కడిగించాను.

మీరు నోరు తెరిచారు కదా. నేనూ తెరిచాను, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

నా చివరి పోస్టింగు దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్బీ నగర్‌కీ మధ్య, మెట్రో లైను వెనక సందులో ఉన్న గుడి. సంఘంలో సగం మంది గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. మిగతా సగం అబ్దుల్లాపూర్‌మెట్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. కోస్తావాళ్లు ప్రార్థన పొడుగ్గా చేస్తారు, ఇక్కడివాళ్లు పాట గట్టిగా పాడతారు. బిర్యానీ దగ్గర మాత్రం ఇద్దరూ ఒకటే.

నేను రాకముందెప్పుడో విదేశాల నుంచి ఒక వృద్ధ దంపతులు వచ్చి ఆ సంఘానికి ఒక అలవాటు నేర్పి వెళ్లారట. ఏడాదికి ఒక ఆదివారం యూదుల కోసం సమాధాన ప్రార్థన. క్రీస్తు పేరు చెప్పుకునేవాళ్లు కొన్ని వందల ఏళ్లు యూదులను తరిమారు, దోచుకున్నారు, చంపారు, చంపుతుంటే చూస్తూ కూర్చున్నారు. దానికి సంఘం తరఫున క్షమాపణ అడగాలి, ఒక యూదుడి కాళ్లు కడగాలి. మంచి మాటే. కాకపోతే ఎల్బీ నగర్‌లో మాకు యూదుడు ఎక్కడ దొరుకుతాడు? అందుకని మావాళ్లే ఒకాయన్ని యూదుడిగా కూర్చోబెట్టేవాళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఆయన. క్రిస్మస్ నాటకంలో జ్ఞానులకు పెట్టే దూది గడ్డం పెట్టి, నీలం గీతల తుండు భుజాన కప్పేవాళ్లు. సర్వీసంతా నిలబడి చేసిన మనిషి కాబట్టి ఆ కుర్చీలో కూర్చోవడం ఆయనకు మహా ఇష్టం. శుభ శుక్రవారం నాడు, యేసును శిలువ వేయించారని, వేదిక మీద యూదులను నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లం, ఈ ఆదివారం వచ్చేసరికి వాళ్ల కాళ్లు కడిగేవాళ్లం. ఈ రెండూ కలిపి చూడాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

కడిగేది మా సంఘ పెద్ద. కరెంటు శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు, గుంటూరు వైపు మనిషి. సమాధుల తోటకు సెక్రటరీ కూడా ఆయనే. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉన్న ఆ తోట గేటు తాళంచెవి ఆయన మొలకు ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. మోకాళ్లు వేసినప్పుడల్లా అది గచ్చుకు తగిలి చప్పుడయ్యేది. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఆడవాళ్లు కొంగులు తడుపుకునేవాళ్లు, ఆయనా ఏడ్చేవాడు. ఆ కన్నీళ్లు దొంగవి కావు, నేను పక్కన మైకు పట్టుకుని నిలబడి చూసినవాణ్ణి. ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వనిది అదే.

ఆ సంవత్సరం మా కండక్టరుగారికి డెంగ్యూ వచ్చింది. "ఇంకొకర్ని పంపిస్తాం అయ్యగారూ" అని యూత్ వాళ్లు అన్నారు కానీ ఆరాధన మొదలై పాటలు సగమైనా ఎవరూ రాలేదు. నేను పక్క గదిలో తుండు చేత్తో పట్టుకుని గుమ్మం వైపు చూస్తున్నాను. బయట సన్నగా వాన. అప్పుడు వచ్చాడు ఒకాయన. యాభై దాటిన వయసు, బక్కపలచని మనిషి. గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"వందనాలండీ. అయ్యగారంటే మీరేనా? నేను యూదుణ్ణండీ" అన్నాడు.

పైనుంచి కిందికి చూశాను. తల మీద అల్లిన చిన్న టోపీ ఉంది. చొక్కా గుండె దగ్గర జానెడు చిరిగి ఉంది. ఈసారి యూత్ వాళ్లు బాగానే శ్రద్ధ పెట్టారే అనుకున్నాను.

"గడ్డం ఏది?" అన్నాను.

"ఏంటండీ?"

"సర్లే, గడ్డం లేకపోయినా నడుస్తుంది. చొక్కా మాత్రం భలే చింపారు."

ఆయన చేయి ఆ చిరుగు మీదికి వెళ్లింది. "మా ఆవిడ..." అంటూ ఏదో చెప్పబోయాడు. లోపల ఆఖరి పాట అయిపోవస్తోంది. వాళ్లావిడే చింపి ఇచ్చింది కాబోలు అనుకుని, తుండు ఆయన భుజాన కప్పేశాను.

"అయ్యగారండీ, మీ సంఘ పెద్దగారితో ఒక్క మాట మాట్లాడాలండీ. ఫోను ఎత్తట్లేదు. ఐదు నిమిషాలు చాలు" అన్నాడు.

"ఐదేమిటి, పది నిమిషాలు నీ ఎదురుగా మోకాళ్ల మీద ఉంటాడు. కాళ్లు కడిగేది ఆయనేగా."

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఆయన కడుగుతాడా? యూదుడి కాళ్లు?"

"ప్రతి ఏడాదీ కడుగుతాడు."

ఆయన "పదండి" అని తనే ముందు నడిచాడు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మనకు ఆరాధన టైము ప్రకారం నడవాలన్న తొందర ఒకటి ఉంటుంది చూశారూ, అంత ప్రమాదకరమైనది సేవలో ఇంకోటి లేదు. ఎదుటి మనిషి నోట్లో మాట నోట్లోనే ఉండగా తుండు కప్పేస్తాం.

కుర్చీలో కూర్చున్నాడు. స్టీలు బేసిన్ పెట్టారు. సంఘ పెద్ద అలవాటు ప్రకారం అప్పటికే కళ్లు మూసుకుని మోకాళ్ల మీదికి వచ్చేశాడు. తాళంచెవి గచ్చుకు తగిలి టంగుమంది. నేను మైకు ఆయన నోటి దగ్గర పట్టుకున్నాను. కీబోర్డాయన సన్నగా వాయిస్తున్నాడు.

"ప్రభువా, మా పితరులు నీ జనాంగమునకు చేసిన అపరాధములను మేమెరుగుదుము. వారికి మేము తలుపులు మూసితిమి, తండ్రీ. వారు నిలువ నీడ లేక తిరుగుచుండగా..." అంటూ ఎడమ కాలు కడిగాడు. కళ్లు తెరవకుండానే కుడి కాలు చేతుల్లోకి తీసుకున్నాడు. "మా ద్వారములయొద్ద..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు.

ఆ కాలి బొటనవేలు నలిగి చదునైపోయి ఉంది. గోరు లేదు. సంఘ పెద్ద చేతి బొటనవేలు దాని మీద ఒకసారి అటూ ఇటూ కదిలింది. ఆత్మావేశం వచ్చి ఆగాడనుకుని వెనక వరసలో ఎవరో "ఆమెన్" అన్నారు. ఆయన కళ్లు తెరిచి వేలిని చూసి, తల ఎత్తాడు.

"ఒరేయ్" అన్నాడు. అది మైకులో వినపడింది.

"అన్నయ్యా, పొద్దున్నే ఫోన్లో చెప్తుంటే సగం వినకుండానే పెట్టేశావు. నీ మరదలు పోయింది. మా ఆచారం ప్రకారం సాయంత్రంలోపు భూమిలో పెట్టెయ్యాలి. ఊరికి తీసుకెళ్దామంటే మా శ్మశానం కాలవ గట్టు నేల, ఈ వానలకి తవ్వితే నీళ్లే, నీకు తెలియంది కాదు. మీ తోటలో ఒక్క చోటు ఇప్పించు" అన్నాడు కుర్చీలో మనిషి.

మైకు పక్కకి తీయాలని నాకు తోచలేదు. అయినవాళ్లు పోతే యూదులు గుండె దగ్గర చింపుకునే చొక్కా, "మా ఆవిడ" అన్న మాట, అన్నీ ఒక్కసారిగా నా మీద పడ్డాయి.

"ఇది ఆరాధన. ఇక్కడ కాదు" అన్నాడు సంఘ పెద్ద.

"మరెక్కడ? ఇంటికొస్తే తలుపు తియ్యవు గదా."

"అది సంఘ సభ్యుల స్థలం" అన్నాడు అన్న.

తడి కాలు ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది. ఆ మాట అనేశాక ఆయన ఏం చేశాడో చెబితే నమ్మరు. టవల్ తీసుకుని ఆ కాలు తుడిచాడు. వేళ్ల సందుల్లో కూడా శుభ్రంగా తుడిచి, మెల్లగా కింద పెట్టి, లేచి పక్క గదిలోకి వెళ్లిపోయాడు. కీబోర్డాయన మాత్రం ఇంకా వాయిస్తూనే ఉన్నాడు.

మొదట నోరు తెరిచింది మా స్త్రీల మైత్రి లీడరమ్మ. దవాఖానలో నర్సుగా చేసి రిటైరైన ఆమె, ఇక్కడి ఊరి మనిషి. "అయ్యగారూ, గా వాయించుడు జర బంద్ చేయించున్రి" అంది. తర్వాత వేదిక దగ్గరికి నడిచి వచ్చి, "ఇంటికాడ ఎవరున్నరు నాయనా?" అని అడిగింది.

"మా అమ్మాయి ఒక్కతే అండీ. మావాళ్లు గుంటూరు నుంచి బయల్దేరారు, మధ్యాహ్నానికి వస్తారు."

"పిల్ల ఒక్కతెనే శవం కాడ ఇడిసిపెట్టి ఒచ్చినవా? ఎంత పరేషాన్‌లున్నవో. కూసో, జర నీళ్లు తాగు."

కథ అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. గుంటూరు వైపు కొన్ని కుటుంబాలు మేం యూదులమని చెప్పుకుంటాయి. ఒకప్పుడు మనలాగే గుళ్లకు వచ్చినవాళ్లే. తర్వాత శనివారం పాటించడం మొదలుపెట్టి, చిన్న మందిరం కట్టుకుని వేరయ్యారు. తమ్ముడు అలాంటి ఇంటి పిల్లను చేసుకుని వాళ్లతో వెళ్లిపోయాడు. ఆమె మార్చేసిందని అన్నకు కోపం. ఆమెకు చాలాకాలంగా కిడ్నీ జబ్బు. వైద్యం కోసమే వచ్చి చైతన్యపురిలో కిరాయికి ఉంటున్నారు. అన్న ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య మెట్రోలో నాలుగు స్టేషన్లు కూడా లేవు.

పక్క గదిలో కమిటీ అందరం కూడాం. సంఘ పెద్ద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"మీరంతా నన్నే చూస్తున్నారు. మా నాన్న పోయిననాడు ఏం జరిగిందో అడగండి. పెట్టె గుడిలో ఉంటే వీడు గేటు బయట నిలబడ్డాడు. వానలో తడుస్తూ నిలబడ్డాడు గానీ లోపలికి అడుగు పెట్టలేదు. మా అమ్మ వెళ్లి పిలిచినా రాలేదు. మా గుడి పనికిరానివాడికి మా నేల ఎట్లా పనికొస్తుంది?" అన్నాడు.

"మరి ఇన్నేళ్లూ ఎవరి కాళ్లు కడిగారండీ?" అన్నాను.

"యూదులవి."

"బయట కూర్చున్నాయన ఎవరు?"

"వాడు మా తమ్ముడు" అన్నాడు.

ఆయన వేళాకోళానికి అనలేదు, తప్పించుకోవడానికీ అనలేదు. ఆయన మనసులో ఆ రెండూ ఒకదాన్నొకటి తాకని వేరువేరు గదులు. అంత చదువుకున్న మనిషి నోట ఆ మాట విన్నాక, నా గదులు ఎన్ని ఉన్నాయో లెక్క చూసుకుందామంటే భయమేసింది.

అప్పుడు లీడరమ్మ, "తోటల మా ఆయన సమాధి పక్కకు నా జాగ ఉన్నది గదా. గా జాగ ఆమెకియ్యిన్రి" అంది.

"అదెలా కుదురుతుందమ్మా? మరి మీకు?" అన్నాడు కమిటీలో ఒకాయన.

"నేను ఇప్పుడే పోతలేను. పోయిననాడు మీరే ఏడనో ఒక తాన ఎయ్యిన్రి, నేనేమన్న లేసి అడుగుతనా?"

సంఘ పెద్ద, "రూలు ఒప్పుకోదు" అనేసి, గొడుగు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. తాళంచెవి ఆయన మొలకే ఉండిపోయింది.

మిగతా కమిటీ అంతా చేతులెత్తి లీడరమ్మ మాటే ఒప్పుకుంది. మధ్యాహ్నం నేనూ మా ఇంటావిడా లీడరమ్మతో కలిసి చైతన్యపురి వెళ్లాం. కింద కోచింగ్ సెంటరు, పైన రెండు గదులు. ఇంటి ఓనరు మెట్ల మీదే నిలబడి, "పొద్దుగూకేలోపల తీస్కపోతరు గద సార్?" అని నన్ను అడిగాడు. లోపల, చావు ఇంట వాళ్ల ఆచారం ప్రకారం, అద్దానికి దుప్పటి కప్పి ఉంది. ఆమెకు స్నానం చేయించడానికి వాళ్ల ఆడవాళ్లు చాలలేదు. ఆ అమ్మాయి ఏడుస్తూనే ఎలా పోయాలో చెబుతుంటే మా ఆడవాళ్లిద్దరూ నీళ్లు పోశారట. ఇంటికి వచ్చాక కూడా మా ఇంటావిడ ఆ సంగతి మాట్లాడలేదు.

తమ్ముడు నన్ను వరండాలోకి పిలిచి, "అయ్యగారండీ, ఒక్క మనవి. అక్కడ మావాళ్లే ప్రార్థన చేసుకుంటారు. మీరు మాత్రం ఏమీ చెయ్యొద్దండీ. శిలువ గుర్తు కూడా వద్దు" అన్నాడు. సరే అన్నాను. సర్వీసులో ఎన్ని భూస్థాపనలు చేశానో లెక్కలేదు. అన్నిట్లోకీ కష్టమైంది నోరు మూసుకుని నిలబడిన ఆ ఒక్కటే.

తోట దగ్గరికి చేరేసరికి వాన వెలిసింది, ఎండ పసుపు రంగులోకి తిరిగింది. గేటుకు తాళం. గోతులు తవ్వే ఆయన గోడ దూకి వెళ్లి తన పని పూర్తిచేసి లోపలే కూర్చున్నాడు. "అయ్యగారూ, నేనంటే దుంకిన. ఆమె ఎట్ల దుంకుతది?" అన్నాడు ఊచల్లోంచి. సంఘ పెద్దకు ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాను, మళ్లీ ఎత్తలేదు. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు పాడెను భుజాల మీదే ఉంచుకుని నిలబడ్డారు. హైవే మీద లారీలు పోతున్నాయి. తమ్ముడు సూర్యుడి వైపు చూస్తున్నాడు, గేటు వైపు చూస్తున్నాడు, నా వైపు మాత్రం చూడటం లేదు. ఒక సంఘానికి పాస్టరునై ఉండి, మా గేటు ముందు ఒక శవాన్ని నిలబెట్టాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తాళం పగలగొట్టమని చెప్పడానికి నోరు తెరిచాను.

అప్పుడు స్కూటరు చప్పుడైంది.

సంఘ పెద్ద ఎవరివైపూ చూడలేదు. పొద్దున్నటి తెల్లబట్టలే ఒంటి మీద ఉన్నాయి, మోకాళ్ల దగ్గర బేసిన్ నీళ్ల మరక ఎండి ఉంది. తాళం తీశాడు. రెండు రెక్కలూ బార్లా తోసి, తను బయటే గోడ వారగా నిలబడ్డాడు. పాడె లోపలికి వెళ్లింది. అందరం వెళ్లాం. ఆయన మాత్రం కదల్లేదు.

మీరు అడుగుతారని ముందే చెప్పేస్తున్నాను. మర్నాడు అన్నదమ్ములు కలిసిపోయి విందు చేసుకోలేదు. అన్న ఆ చైతన్యపురి ఇంటికి నేనున్నన్నాళ్లూ వెళ్లలేదు. తోటలో ఆ సమాధి గురించి కమిటీలో తర్వాత చాలా గొడవ జరిగింది, బిషప్ గారి దాకా పోయింది, నాకు మొట్టికాయలు పడ్డాయి. మరుసటి ఏడాది ఆ ఆదివారం కుర్చీ వెయ్యలేదు, గడ్డం పెట్టెలోనే ఉంది. సంఘ పెద్దే ప్రార్థన చేశాడు. రెండు వాక్యాలు చేసి కూర్చున్నాడు. అంత చిన్న ప్రార్థన ఆయన నోట నేను అంతకుముందెన్నడూ వినలేదు.

ఇక ఆ సాయంత్రం సంగతి. గోతి దగ్గర వాళ్లు ఏదో తెలియని భాషలో చదవడం మొదలుపెట్టారు. తమ్ముడు పార చేతిలోకి తీసుకుని వెనక్కి తిరిగి చూశాడు. గేటు బయట తెల్లబట్టలు కనిపిస్తున్నాయి. పార అక్కడే గుచ్చి, నడుచుకుంటూ గేటు దాకా వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. మళ్లీ గొడవవుతుందేమోనని భయం.

"అన్నయ్యా, లోపలికి రా" అన్నాడు.

అన్న తల అడ్డంగా ఊపాడు.

"నాన్నప్పుడు నేను రాలేదు. తప్పో ఒప్పో నాకు తెలీదు. నువ్వు మాత్రం బయట నిలబడకు. ఇది మీ గేటే" అన్నాడు తమ్ముడు.

ఆయన వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే పార అందుకుని, ఊపిరి ఆడనంతగా మన్ను తోశాడు. ఎవరైనా చేయి వేయబోతే ఇవ్వలేదు. పని అయ్యాక వాళ్ల ఆచారం ప్రకారం బయటికి వచ్చే ప్రతివాళ్ల చేతుల మీదా నీళ్లు పోస్తున్నారు. గేటు దగ్గర తమ్ముడే చెంబు పట్టుకుని నిలబడ్డాడు. అన్న వంతు వచ్చింది. రెండు చేతులూ చాచాడు. మన్ను కరిగి మోచేతుల దాకా కారుతోంది. ఆయన చూపు మాత్రం కిందికి, తమ్ముడి కుడి కాలి మీదికి పోయింది. చిన్నప్పుడు ఇంటి దడికి గుంజ పాతుతుంటే తన చేతిలోంచి గునపం జారి పడిన వేలట అది. ఆ సంగతి చాలా రోజుల తర్వాత ఆయనే నాకు చెప్పాడు.

"ఇంకా నొప్పెడుతుందా?" అని అడిగాడు అన్న.

తమ్ముడు చెంబు ఎత్తే ఉంచాడు. నీళ్లు అయిపోయాయి, అయినా వంచే ఉంచాడు.

"వానాకాలంలో, అన్నయ్యా" అన్నాడు.